కంచాల సుడి

నమోదు 3118
గోడ: బాగుంది. కెమెరా: బాగుంది. సుడి: తిరుగుతోంది. గాలి: ఎర్రది.

కెమెరా అద్దం రెండుసార్లు తుడిచాను. ఇక్కడి ధూళి మైదా కన్నా సన్నం. పాత నూలు చీర ముక్క తప్ప ఇంకేదీ దానికి పనికిరాదు. ఊళ్ళో నూలు చీరలు అయిపోవస్తున్నాయి. ఈ సంగతి పంచాయతీకి నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ "తప్పకుండా చూద్దామండి" అని జవాబొచ్చింది. కొత్తరేవులో "తప్పకుండా చూద్దాం" అంటే చూడరు. "చూద్దాం" అని ఊరుకుంటే అసలు వినలేదని అర్థం.

ట్రేల్లో వరి ఈనింది. కోత నాటికి భూమి నుంచి రెండో పడవ వస్తుంది.

నమోదు 3119
గోడ: లేదు. కెమెరా: లేదు. సుడి: లేదు. గాలి: చెప్పనవసరం లేదు.

ధూళి గాలి పొద్దున్నించీ కొట్టింది. కెమెరా స్తంభం విరిగి గోడ మీద పడింది. గోడ లోపలి తీగలన్నీ ఒకదాన్నొకటి ముట్టుకుని కాలిపోయాయి. నేను వెళ్ళేసరికి పొగ కూడా అయిపోయింది.

ప్రెసిడెంటు పుల్లేశ్వర్రావు గారు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఏవండీ ఓబులమ్మ గారూ, బాగా పోయిందాండీ, కొంచెం పోయిందాండీ?"

"మొత్తం పోయింది."

"ఆయ్," అని ఆయన కాసేపు గోడకేసి చూశారు. "మరి స్పేర్లో?"

"వస్తాండాయి. పడవలో."

"ఆయ్," అన్నారు మళ్ళీ. ఈసారి చాలా చిన్నగా.

గోడ అన్నది మాటవరసకే. అది నేల మీద వెల్లకిలా పరిచిన దీపాల పలక. కెమెరా గోడని చూస్తుంది. కెమెరా చూసిందాన్ని గోడ చూపిస్తుంది. అంటే గోడ తనని తానే చూసుకుంటూ ఉంటుంది. అద్దానికి ఎదురుగా అద్దం పెడితే లోపల అద్దాల వరస కనిపిస్తుంది కదా. ఇక్కడ కెమెరాని కాస్త ఏటవాలుగా తిప్పి బిగిస్తే ఆ వరస బదులు సుడి పుడుతుంది. ఇక ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. పడవ కన్నుకి నేర్పింది అదొక్కటే. పైనించి చూస్తే ఉప్పు మడులు మెరుస్తాయి, మంటలు వెలుగుతాయి, కానీ ఏవీ సుడి తిరగవు. సుడి కనిపిస్తే కింద మనుషులున్నారు, దిగు. కనిపించకపోతే ఊరు పోయింది, తర్వాతి ఊరికి సాగిపో. పడవ వెనక్కి తిరగదు. తర్వాతి ఊరు ఎంత దూరమంటే, ఆ దూరం తెలిసినవాళ్ళెవరూ అక్కడికి వెళ్ళాలనుకోరు.

పడవలో రెండు వందల మంది నిద్రలో ఉన్నారు. అందులో బోర్లు వేసే తిరుపాలు ఉన్నాడు. మా ఆయన. స్క్రీన్ ఆపరేటరు పోస్టుకి గోదావరి జిల్లాల్లో ఎవరూ దరఖాస్తు పెట్టకపోవడంతో కడప జిల్లాలో ఉన్న నన్ను మొదటి పడవ ఎక్కించారు. బోర్లు రెండో విడతలో కావాలన్నారు, ఆయన్ని రెండో పడవలో పెట్టారు. ఊరు మొత్తానికి గోదావరి కాని మనిషిని నేనొక్కదాన్నే. ఆయన వస్తే ఇద్దరమవుతాం. పదకొండేళ్ళుగా ఆ లెక్క మీదే బతుకుతున్నాను.

ఇవాళ ఏడ్చాను. ఇందులో దాయాల్సింది ఏమీ లేదు.

నమోదు 3121
గోడ: లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం వరసగా నిలబడి కంచాలు కడుక్కుంటున్నారు. కడిగి నీళ్ళు విదిలిస్తుంటే ఎండ తగిలి ఒక్కో కంచమూ తళుక్కుమంటోంది. ఒకరు విదిలిస్తే ఆ నీళ్ళు పక్కవాళ్ళ మీద పడతాయి, వాళ్ళూ తమ కంచం ఎత్తి విదిలిస్తారు. ఆ తళుకు వరస పొడుగునా ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది.

నేను చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి నిలబడ్డాను.

గోడ మీద ఏ దీపానికీ సుడి అంటే ఏమిటో తెలియదు. ఒక్కో దీపం పక్క దీపం ఇందాక వెలిగిందా లేదా అన్నంత వరకే పట్టించుకుంటుంది. పక్కది వెలిగితే తనూ వెలుగుతుంది. వేల దీపాలు ఆ ఒక్క పనే చేస్తే పైనించి చూసేవాడికి సుడి కనబడుతుంది. అంతమాత్రం పని మనిషి కూడా చెయ్యగలడు. మన దగ్గర దీపాలు లేవు కానీ మనుషులున్నారు, స్టీలు కంచాలున్నాయి, ఎండ ఉంది.

పంచాయతీకి రాసిచ్చాను. ముప్పై వరసలు, వరసకి ముప్పై మంది. బడి గంట కొట్టినప్పుడల్లా మీ ముందు, వెనక, కుడి, ఎడమ చూసుకోవాలి. ఆ నలుగురిలో ఎవరైనా కిందటి గంటకి కంచం ఎత్తి ఉంటే ఈ గంటకి మీరు నెత్తి మీదికి ఎత్తాలి. లేకపోతే కడుపుకి ఆనించి పట్టుకోవాలి. అంతే.

"వీపు వెనక ఎత్తింది ఎలా తెలుస్తాదండి?" అని ప్రెసిడెంటు గారు అడిగారు. మంచి ప్రశ్న. ఎత్తినవాళ్ళు ఎత్తినప్పుడు ఏదో ఒకటి అనాలని తీర్మానించాం. ఏమనాలన్న దాని మీద చర్చ అవసరం పడలేదు. ఈ ఊళ్ళో ఎవరైనా ఎలాగూ అనేది ఒకటే మాట.

నమోదు 3124
గోడ: లేదు. కంచాలు: తొమ్మిది వందలు.

కాలిపోయిన పలకలు తీసేసి ఆ నేల మీదే సున్నంతో గళ్ళు గీశాం. ఊరంతా దాన్ని చేను అంటోంది. పడవ అలవాటుగా దిగేది కూడా అక్కడే. పాత గోడని పడవ బరువుకీ మంటకీ తట్టుకునేలా చేశారు. మనుషుల్ని అలా చెయ్యలేదు కాబట్టి, పడవ పచ్చ దీపం వెలిగించి "చూశాను, దిగుతున్నాను" అనగానే అందరూ చేలోంచి బయటికి పరిగెత్తాలని రెండో నియమం రాశాను. అందరూ బుద్ధిగా తల ఊపారు.

జనం ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకున్నారు. ప్రతి కంచం అంచు మీదా చుక్కలతో కొట్టించిన పేరుంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినవి, గృహప్రవేశాలకి పంచినవి, పోయినవాళ్ళ గుర్తుగా ఇచ్చినవి. ప్రతి వస్తువునీ తూకం వేసి పడవ ఎక్కనిచ్చిన రోజుల్లో కూడా వీటిని వదిలి రాలేదు. నా కంచం మీద "తిరుపాలు ఓబులమ్మ" అని ఉంటుంది. కొట్టినవాడు మధ్యలో చోటు వదలకపోవడంతో ఒకే మనిషి పేరులా కనిపిస్తుంది.

నమోదు 3126
గోడ: లేదు. మొదటి సాధన: అధ్వాన్నం.

నీళ్ళ ట్యాంకు మీద నేను. పక్కన బడి పంతులమ్మ మస్తాన్‌బీ, గంట కొట్టడానికి. కింద తొమ్మిది వందల మంది. మధ్యలో ఒకర్ని ముందుగా ఎత్తమన్నాం. గంట కొట్టాం. అల పుట్టింది. అంచు దాకా పోయింది. పోయి ఊరుకుంది.

ఎందుకు ఊరుకుందో కిందికి దిగి కనుక్కున్నాను. కంచం ఒకసారి ఎత్తి దించినవాళ్ళు, పక్కవాళ్ళు ఎత్తినా సరే మరుసటి గంటకి ఎత్తడం లేదు. ఓ గంట వదిలేసి, ఆ తర్వాత మళ్ళీ పక్క చూపులు మొదలుపెడుతున్నారు. మూడో వరసలో భోజనశాల నడిపే మాణిక్యాంబ గారున్నారు. ఊరందరికీ పెద్ద. ఆవిడ్నే అడిగాను.

"నీ ముందామె ఎత్తింది గదమ్మా. నువ్వెందుకు ఎత్తలా?"

"ఉప్పుడే కదమ్మాయ్ ఎత్తేను. దించేనో లేదో మళ్ళీ ఎగబడి ఎత్తేత్తే ఏం బాగుంటాది? చూసినోళ్ళు ఏవనుకుంటారు?"

"చూసేది పడవమ్మా. అది ఏమీ అనుకోదు."

"అలాగనకు. ఎవరైనా అనుకుంటారు."

ఇది ఆవిడొక్కరి మాట కాదు. తొమ్మిది వందల మందిదీ ఇదే మాట. మొహమాటానికి పోతే ఏదో అయిందని మా వైపు ఒక సామెత ఉంది. ఇది ఆఫీసు పుస్తకం కాబట్టి పూర్తిగా రాయడం లేదు.

దిగేటప్పుడు మస్తాన్‌బీ, "ఈశాన్యం మూల మేక అడ్డం వచ్చింది చూసేరా, అక్కడ అల తెగి కాసేపు ఏదో తిరిగినట్టు ఉందండి," అంది. ధూళి అని రాసుకున్నాను.

నమోదు 3131
గోడ: లేదు. మొహమాటం: తగ్గుతోంది.

రోజూ సాధన చేయిస్తున్నాను. కర్ర పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, ఆగినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నాను. పేరు కంచం మీదే ఉంటుంది కాబట్టి తడుముకోనక్కర్లేదు. అడగందే అమ్మయినా పెట్టదని, సిగ్గుపడితే పడవ దిగదని మైకులో చెప్పాను. మొదటి రెండు రోజులూ నొచ్చుకున్నారు. మూడో రోజు అలవాటు పడ్డారు. కుర్రకారు అయితే కంచం దించీ దించకముందే ఎత్తుతున్నారు. వాళ్ళ మొహాల్లో కొత్త సంతోషం కూడా కనిపిస్తోంది.

మాణిక్యాంబ గారు మారలేదు. నిన్న కాస్త గట్టిగా అన్నాను. "నీవల్ల మా ఆయన రాకపోతే నీకు బాగుంటాదా?" అన్నాను. ఆవిడ కంచం చంకలో పెట్టుకుని వంటింటికి వెళ్ళిపోయారు. ఆవిడ వెనకే ఇంకో ఇరవై మంది పెద్దవాళ్ళు వెళ్ళారు. ఒక్కొక్కరూ వెళ్తూ వెళ్తూ "ఏవీ అనుకోకండి" అన్నారు. వాళ్ళ చోట్లలో వేరేవాళ్ళని పెట్టాను.

అన్న మాట తప్పేనని రాత్రికల్లా తెలిసింది. తెలిసినా సాధన ఆపలేదు.

నమోదు 3137
గోడ: లేదు. క్రమశిక్షణ: నూటికి నూరు. సుడి: సున్నా.

ఇవాళ ఒక్కరూ తప్పు చెయ్యలేదు. నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. మధ్యలో పక్కపక్కనున్న ఇద్దరితో మొదలుపెట్టాం, అల లేచింది, పరుచుకుంది, వెనక్కి మళ్ళి తన మీద తనే పడింది. కాసేపటికి తొమ్మిది వందల కంచాలూ నెత్తి మీదే ఉన్నాయి. ప్రతివాడి పక్కవాడూ ఎత్తే ఉన్నాడు కాబట్టి దించడానికి ఎవరికీ దారి లేదు. మస్తాన్‌బీ గంట కొడుతూనే ఉంది. "ఆయ్" అని చేనంతా ఒక్క గొంతుతో అంటూనే ఉంది. పైనించి చూస్తే తెల్లటి చదరం. బంతిలో కూర్చుని అన్నం ఇంకా రాలేదని కంచాలెత్తి అడుగుతున్న జనంలా ఉన్నారు.

ఉప్పు మడి కూడా తెల్లటి చదరమే. పడవకి తేడా తెలియదు.

నియమం ఎక్కడా తప్పలేదు. మనుషులూ తప్పలేదు. ట్యాంకు మీద కూర్చుండిపోయాను. మస్తాన్‌బీ గంట కర్ర పక్కన పెట్టి నా వీపు మీద చెయ్యి వేసింది. ఇంకేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. వరి పచ్చబడటం మానేసి పసుపెక్కుతోంది.

నమోదు 3138
గోడ: లేదు. బియ్యం: అదీ లేకుండా పోయేలా ఉంది.

ప్రెసిడెంటు గారు పొద్దున్నే వచ్చారు. వచ్చి చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు.

"మీరేవీ అనుకోనంటే ఓ మాటండి. భోజనాల దగ్గర వొద్దనే నాథుడే లేడండి. ఇదివరకు మారు అడిగితే చాలండి చాలండి అనేవోరు. ఉప్పుడు పెట్టింది పెట్టినట్టు మళ్ళీ చాపుతున్నారండి. కోతల దాకా బియ్యం రావండి."

"నేను అడగమన్నది చేన్లో సామీ. బంతిలో కాదు."

"మొహమాటం పోతే ఒక చోటే పోదు కదండీ," అన్నారాయన. ఆయన నోట ఇంత సూటి మాట వినడం ఇదే మొదటిసారి. నా సాధన ఆయన మీద కూడా పనిచేసింది.

మధ్యాహ్నం భోజనశాలకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇక్కడ వడ్డించేవాళ్ళు లేరు, గుండ్రంగా కూర్చుంటారు, పప్పు గిన్నె చేతి నుంచి చేతికి పోతుంది. ఒక గుండ్రంలో నా దగ్గర తయారైన కుర్రకారు. పప్పు గిన్నె ఒకడి దగ్గరికి వచ్చింది. వేసుకుని పక్కవాడికిచ్చాడు. పక్కవాడు వేసుకున్నాడు. మొదటివాడు మళ్ళీ కంచం చాపాడు, గిన్నె వెనక్కి వచ్చింది. రెండోవాడు చాపాడు, మళ్ళీ అటు పోయింది. గిన్నె ఆ నలుగురి మధ్యే కొట్టుకుంటోంది. గుండ్రం అవతలి వైపు వాళ్ళు ఆవ లేని ఆవకాయతో తింటున్నారు.

రెండో గుండ్రం మాణిక్యాంబ గారిది. చేన్లోంచి వెళ్ళిపోయిన పెద్దవాళ్ళంతా అక్కడున్నారు. గిన్నె వచ్చింది, ఆవిడ వేసుకున్నారు, పక్కావిడకి ఇచ్చారు. పక్కావిడ వేసుకుని మర్యాదకి, "ఇంకాస్త వేసుకోండి వదినా," అని గిన్నె ఇటు చాపింది. మాణిక్యాంబ గారు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఉప్పుడే కదమ్మా వేసుకున్నాను," అన్నారు. ఇక ఆ గిన్నెకి ఇటు రావడానికి వీల్లేదు. అటు పోయింది. అక్కడా వెనక్కి చాపారు, అక్కడా వద్దన్నారు, ఇంకా అటు పోయింది. గుండ్రమంతా తిరిగి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చింది. అప్పటికి మొహమాటం తీరిపోయింది కాబట్టి, "సరే, ఒక్క గరిటె," అని వేసుకున్నారు. గిన్నె మళ్ళీ బయల్దేరింది.

అది ఆగడం లేదు. తిరుగుతూనే ఉంది.

ఒక్కసారి వద్దంటారు కాబట్టి పప్పు గిన్నె వెనక్కి పోదు. వెనక్కి పోదు కాబట్టి ముందుకే పోతుంది. ముందుకే పోతే చివరికి చుట్టు తిరిగి వస్తుంది. తలుపు పట్టుకుని నిలబడి ఈ మూడు ముక్కలూ పైకే అనుకున్నాను. ఎవరో నాకు ఆకలేస్తోందనుకుని కంచం తెచ్చారు.

గోడ కూడా ఇంతే. బాగా వెలిగిన చోట కెమెరాకి కళ్ళు చెదిరి, ఓ క్షణం పాటు అక్కడ మళ్ళీ వెలుగు కనబడేది కాదు. దాన్ని లోపం అనుకుని సరిచెయ్యడానికి నేను పదకొండేళ్ళు తంటాలు పడ్డాను. కెమెరాకి కూడా మొహమాటమే.

నమోదు 3139
గోడ: లేదు. చింతగింజలు: ఉన్నాయి.

మస్తాన్‌బీ ఇంటి అరుగు మీద గళ్ళు గీసి, వాళ్ళింట్లో ఉన్న అష్టాచెమ్మా గింజలతో ఆడాం. అరగదీసిన తెల్ల వైపు పైకి ఉంటే కంచం ఎత్తినట్టు. నల్ల వైపు ఉంటే ఊరుకున్నట్టు. ఇప్పుడే ఎత్తి దించిన గింజ మీద కొత్తగా ఒక ఉప్పు కల్లు పెట్టాం, మొహమాటపడుతోందని గుర్తు. కల్లు ఉన్న గింజ జోలికి ఆ గంటకి ఎవరూ పోకూడదు.

మధ్యలో ఒక్క గింజతో మొదలుపెడితే అల గుండ్రంగా పోయి అంచున మాయమైంది. మొదటి సాధనలో జరిగింది అదే. అప్పుడు మస్తాన్‌బీ, "మేక వచ్చిన చోట అల తెగిందండి," అని గుర్తు చేసింది. సగం వరస మాత్రం తెల్లగా తిప్పాం, దాని వెనక సగం వరసకి ఉప్పు కళ్ళు పెట్టాం. అల వెనక్కి పోలేక ముందుకు కదిలింది. తెగిన కొస మాత్రం పక్కకి ఒరిగింది, ఒరిగి చుట్టుకుంది, చుట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. గింజలు తిప్పీ తిప్పీ వేళ్ళు నొప్పి పుట్టాయి. సుడి ఆగలేదు.

మస్తాన్‌బీ నవ్వుతోంది. నేను ఉప్పు కళ్ళు ఏరుతూ ఏడుస్తున్నాను. గింజలతో ముందే ఆడి చూసి ఉంటే ఒక పెద్దావిడ మనసు నొచ్చుకునేది కాదు.

నమోదు 3140
గోడ: లేదు. కొత్త నియమం: మూడోది.

మూడో నియమం: కంచం ఎత్తి దించిన ప్రతివారూ ఒక గంట సేపు విధిగా మొహమాటపడవలెను.

మైకులో చదివాను. ఎవరో కుర్రాడు, "మానెయ్యమన్నది మీరే కదండీ," అన్నాడు. న్యాయమే. సాధన చేయించాను. రాలేదు. పోగొట్టడానికి ఐదు రోజులు చాలాయి కానీ తెప్పించడం నా చేత కావడం లేదు. మొహమాటం ఎలా పడతారో నాకేం తెలుసు? మా ఇంట్లో అన్నం చాలకపోతే చాల్లేదనే అనేవాళ్ళం.

సాయంత్రం వంటింటికి వెళ్ళాను. మాణిక్యాంబ గారు గిన్నెలు తోముతున్నారు.

"అమ్మా, నాదే తప్పు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు లేకుంటే సుడి రాదు. మీ వాళ్ళకి మళ్ళీ మొహమాటం నేర్పించాల."

ఆవిడ చెయ్యి ఆపలేదు. "నాకేం తెల్సమ్మాయ్. నేను ఏవన్నా పంతులమ్మనా?"

ఇక వెళ్ళిపోదామని లేచాను. అంతలో పప్పు గిన్నె గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. కాసేపు ఊరుకుని, అదే మాట రెండోసారి అడిగాను.

"అంతలా అడుగుతుంటే," అన్నారావిడ చేతులు కడుక్కుంటూ, "కాదంటే బాగోదు."

నమోదు 3144
గోడ: లేదు. సుడి: ఉంది.

ఆవిడ నేర్పే పద్ధతి వేరు. కర్ర లేదు, మైకు లేదు. వరసల మధ్య నడుస్తూ ఎగబడి ఎత్తినవాడి దగ్గర ఆగి, "మీ అమ్మ ఎవర్రా అబ్బాయ్?" అని మాత్రం అడుగుతారు. అంతే, వాడి కంచం కడుపుకి అతుక్కుంటుంది.

పదిహేనో వరసలో ఎడమ సగం ఎత్తింది. దాని వెనక సగం మొహమాటపడింది. కొస దగ్గర మాణిక్యాంబ గారిని పెట్టాం, అక్కడ తడబడితే అంతా పోతుంది కాబట్టి. గంట కొట్టాం. అల కదిలి ఆవిడ చుట్టూ మలుపు తిరిగింది. ఇంకో మలుపు. చేయి చాచినట్టు అంచు దాకా సాగింది, వెనకే రెండో చేయి పుట్టింది. కంచాల తళుకుతో పాటు "ఆయ్, ఆయ్" అన్న మాట కూడా చేను చుట్టూ తిరుగుతోంది. పక్కావిడ ఎత్తిందా లేదా అన్నది తప్ప కింద ఒక్కరికీ ఏమీ కనబడదు. అడిగితే, "ఏవైనా వస్తోందాండీ?" అని వాళ్ళే నన్ను ఎదురు అడుగుతున్నారు.

వస్తోందని చెప్పాను. మస్తాన్‌బీ మళ్ళీ చెప్పింది.

నమోదు 3147
గోడ: లేదు. గాలి: దేవుడి దయ, లేదు. పడవ: వచ్చింది.

ఎండ నడినెత్తిన ఉండగా పడవ పడమటి కొండ మీద నలకలా తేలింది. గంట కొట్టాం. సుడి మొదటిసారే అందుకుంది. నలక ఆగకుండా వస్తోంది. నెత్తి మీదికి వచ్చింది. దాటింది. తూర్పుకి పోతోంది.

తిరుపాలు పోతున్నాడని అనుకున్నాను. మస్తాన్‌బీ గంట ఆపలేదు, ఆ ఒక్క చప్పుడే ఉంది.

అప్పుడు పచ్చ దీపం వెలిగింది. పడవ చుట్టు తిరిగి ముక్కు కిందికి వంచింది.

అనుకున్న ప్రకారం జంట గంటలు కొట్టాం. అందరూ పరిగెత్తాలి. ఒక్కరూ కదల్లేదు. వినబడలేదేమోనని మళ్ళీ కొట్టాం. చేన్లోంచి మాటలు వినబడ్డాయి.

"పదండి."

"ముందు మీరు పదండి."

"అయ్యో, మీరుండగానాండీ?"

తొమ్మిది వందల మంది ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నిలబడ్డారు. నెత్తి మీద పడవ పెద్దదవుతోంది, వేడిగాలి తగులుతోంది. పెద్దవాళ్ళు కదలందే పిన్నలు కదలరు. అందరికీ పెద్ద మాణిక్యాంబ గారు. ఆవిడేమో నట్టనడిమిన నిలబడి, "పిల్లలు ముందెళ్ళాలి కదా," అంటున్నారు. నేర్పించింది నేనే. ఇంకెవర్ని తిట్టుకోను?

ట్యాంకు మెట్లు ఎలా దిగానో తెలియదు. చేనుకడ్డంగా పరిగెత్తి, "యాడున్నోళ్ళు ఆడ్నించే బిన్నా పరిగెత్తండి! నెత్తిన పడవ పడతాంది!" అని అరిచాను. నాకు కూడా దారి ఇచ్చారు. మధ్యకి వెళ్ళి మాణిక్యాంబ గారిని బియ్యం బస్తా ఎత్తినట్టు భుజాన వేసుకున్నాను.

"బాగోదమ్మాయ్, దింపు! అందరూ చూత్తున్నారు!"

"చూడనీ!"

ఆవిడ అటు కదలగానే ఇటు కట్టు తెగింది. పక్కవాళ్ళు కదిలారు కాబట్టి వాళ్ళ పక్కవాళ్ళు, వాళ్ళు కదిలారు కాబట్టి అంచువాళ్ళు, చేను మధ్య నుంచి బయటికి ఖాళీ అయింది. ఎవరూ ఎవరినీ తోయలేదు. కంచాలు కూడా వదల్లేదు. ట్యాంకు వెనక్కి చేరి వెనక్కి చూసేసరికి సున్నం గళ్ళ మీద పడవ కూర్చుని ఉంది. మాణిక్యాంబ గారు ఇంకా నా భుజం మీదే ఉన్నారు. చిన్నగా, "ఇంక దింపుతావా అమ్మా," అన్నారు.

నమోదు 3148
గోడ: స్పేర్లు వచ్చాయి. రేపటి నుంచి బిగిస్తాను.

తిరుపాలు పెట్టెలోంచి లేచి కూర్చుని నన్ను చూశాడు. నాకు పదకొండేళ్ళు గడిచాయి, ఆయనకి ఒక్క రాత్రి. "ఏమే, తల తెల్లబడినాదే," అన్నాడు. "దుమ్ములే," అన్నాను. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని వదల్లేదు, నేనూ లాక్కోలేదు.

మధ్యాహ్నం ఊరంతా కలిసి భోజనాలు. నా కంచం ఆయన ముందు పెట్టాను. అంచు మీద పేరు చదువుకుని దాన్ని బొటనవేలితో తుడిచాడు. ఇవాళ మాణిక్యాంబ గారే స్వయంగా పప్పు తెచ్చి వడ్డించారు. ఆయన తిన్నాడు. "ఇంకాస్త," అని చాపాడు. వేశారు. "ఇంకాస్త," అన్నాడు. గుండ్రమంతా చేతులాపి చూసింది. "ఏమి?" అన్నాడు నాతో. తర్వాత చెప్తానన్నాను.

ఆవిడ నా దగ్గరికి వచ్చారు. పొద్దున్నించీ నేనేమీ తినలేదు. ఆకలి దంచేస్తోంది. గరిటె నిండుగా ఉంది, ఆవిరి వస్తోంది.

కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఇప్పుడు వద్దమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంకేసి ఒక్క క్షణం చూశారు. బతిమాలలేదు. గరిటె పక్కావిడకి వెళ్ళింది, అక్కడి నుంచి అవతలికి, ఇంకా అవతలికి.

తిరుపాలు, "ఆకలి కాలేదా?" అన్నాడు. అయిందన్నాను. "మళ్ళీ వస్తాదిలే," అన్నాను.

ఆగాను. వచ్చింది.